పక్కమ్మాయి స్ట్రిప్పు మీకు చీటీ కాదు

కాకినాడ భానుగుడి సెంటర్ దగ్గర మందుల షాపుల్లో రాత్రి తొమ్మిదిన్నరకి రద్దీ ఎక్కువ. బట్టల షాపులు, బంగారం షాపులు కట్టేసే వేళ అది. పొద్దుటి నుంచి నిలబడి చీరలు విప్పి చూపించిన ఆడపిల్లలు ఆటో ఎక్కే ముందు అక్కడ ఆగుతారు. ఒకరికి తలనొప్పి బిళ్ళ, ఒకరికి ప్యాడ్లు. మొన్న వేసవిలో ఒక రాత్రి నా ముందు నిలబడ్డ అమ్మాయి నోరు విప్పి ఏమీ అడగలేదు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. వెండి రంగు రేకు, దాని మీద బాణం గుర్తులు, వారాల పేర్లు. సగం మాత్రలు అప్పటికే వాడేసి ఉన్నాయి. "ఇవే, మూడు ఇవ్వండి" అంది. "చీటీ ఉందా అమ్మా?" అన్నాడు షాపబ్బాయి. లేదు. ఆ గర్భనిరోధక మాత్రల స్ట్రిప్పు తనది కాదు, పక్క కౌంటర్లో పనిచేసే స్నేహితురాలిది. ఇద్దరికీ పీసీఓడీ, అంటే పీసీఓఎస్, అని చెప్పారు. స్నేహితురాలికి మొటిమలు తగ్గాయి కాబట్టి తనకీ తగ్గుతాయని వచ్చింది.

షాపబ్బాయి ఇవ్వనన్నాడు. మంచి పని చేశాడు, ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. వెనక ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉండటంతో ఆ అమ్మాయి తలొంచుకుని పక్కకి జరిగింది. నేను వెళ్లి మాట కలిపాను. తనెవరో నాకు తెలియదు. కానీ ఇరవై మూడో ఏట నేనూ ఇలాగే ఇంకొకరి మాత్ర పేరు కాగితం ముక్క మీద రాసుకొచ్చి కొన్నదాన్ని. రెండు నెలలు వేసుకున్నాక ఒక మధ్యాహ్నం ఆఫీసులో లెడ్జరు మీద అంకెలు కనిపించడం మానేశాయి. కంటి అంచున వంకర టింకర మెరుపు గీతలు, పావుగంట తర్వాత తల ఒక పక్క పగిలిపోయే నొప్పి. మెరుపులతో వచ్చే ఆ తలనొప్పిని మైగ్రేన్ విత్ ఆరా అంటారని, అది ఉన్నవాళ్లు ఈ మాత్రల జోలికే పోకూడదని, పోతే పక్షవాతం ముప్పు పెరుగుతుందని నాకు చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరు. చిన్నప్పటి నుంచీ నాకు ఆ నొప్పి ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అందుకే ఆ అమ్మాయిని ఒకటే అడిగాను, "ఎప్పుడైనా బీపీ చూపించుకున్నావా?" అని. లేదంది. షాపులో మిషన్ ఉంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 146/94 వచ్చింది. ఇంకో పది నిమిషాలాగి చూసినా 144/94. వయసు ఇరవై నాలుగు.

పీసీఓఎస్‌కి ఏ మాత్ర మంచిదని అడిగేవాళ్లు ముందు ఇలాంటి అంకెల దగ్గర మొదలుపెట్టాలి. మాత్ర పేరు చివర్లో వస్తుంది. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు దొరక్క, డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తూ, స్నేహితుల మాట మీద నడిచే ఆడపిల్లల కోసమే ఇది రాస్తున్నాను. దీన్ని చదివి షాపుకి వెళ్లకండి. దీన్ని చదివి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ దొరికే ఐదు నిమిషాలు వృథా పోకుండా చూడటమే నా ఉద్దేశం.

ముందు జబ్బు సంగతి. "అండాశయంలో నీటి బుడగలు" అని మనవాళ్లు అంటుంటే విన్న పిల్ల లోపల ఏవో గడ్డలు పెరుగుతున్నాయని హడలిపోతుంది. అవి గడ్డలు కావు. పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. స్కానింగ్‌లో అవి కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ అని తేల్చేయకూడదు. 2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో కూర్చున్న నిపుణులు ఒక పద్ధతి పెట్టారు. మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు (గడ్డం కింద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు, మానని మొటిమలు, లేదా రక్త పరీక్షలో టెస్టోస్టెరాన్ ఎక్కువ రావడం), స్కానింగ్‌లో ఆ సంచులు. మిగతా కారణాలు లేవని చూసుకున్నాకే ఈ పేరు పెట్టాలి. థైరాయిడ్ తేడా ఉన్నా, ప్రొలాక్టిన్ పెరిగినా నెలసరి తప్పుతుంది. ఆ రెంటికీ ఈ మాత్రలు మందు కాదు. ఇంకో సంగతి, పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్లలోపు పిల్లలకి స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని చెప్పకూడదు. ఆ వయసులో మామూలు అండాశయాలూ అలాగే కనిపిస్తాయి. ఇంటర్ చదివే పిల్లకి స్కానింగ్ కాగితం చేతికిచ్చి భయపెట్టినవాళ్లుంటే, మరో డాక్టరుకి చూపించండి.

మన రాష్ట్రంలోనే దీని మీద గట్టి పని జరిగింది. అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు 460 మందిని పరీక్షించి, 9.13 శాతం మందికి పీసీఓఎస్ ఉందని 2011లో ప్రచురించారు. అంటే పదకొండు మందిలో ఒకరు. మీ సెక్షన్‌లో, మీ హాస్టల్ ఫ్లోర్‌లో, మీ షిఫ్ట్‌లో ఇంకొకరు తప్పకుండా ఉంటారు. ఆ ఇంకొకరి దగ్గర ధైర్యం తెచ్చుకోండి. మాత్ర మాత్రం తెచ్చుకోవద్దు.

ఇక మాత్ర ఏం చేస్తుంది? గర్భం రాకుండా వేసుకునే మామూలు మాత్రలో రెండు హార్మోన్లుంటాయి: ఈస్ట్రోజెన్ ఒకటి, ప్రొజెస్టిన్ ఒకటి. ఇవి రెండూ కలిసి మెదడు నుంచి అండాశయానికి వెళ్లే పురమాయింపుని తగ్గిస్తాయి. అండాశయం మగ హార్మోన్లు తయారుచేయడం తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ వల్ల లివర్ ఒక ప్రోటీన్‌ని ఎక్కువ వదులుతుంది. అది రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్‌ని పట్టి కట్టేస్తుంది, అందువల్ల మొటిమలు, వెంట్రుకలు తగ్గుతాయి. ప్రొజెస్టిన్ గర్భసంచి లోపలి పొరని అదుపులో పెడుతుంది. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. నెలల తరబడి నెలసరి రాకపోతే ఆ పొర మందమై, ఏళ్లు గడిచాక క్యాన్సర్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. "రాకపోతేనే హాయి, డ్యూటీకి అడ్డం ఉండదు" అనే మాట నర్సుల నోట కూడా విన్నాను. మూడు నెలలకి ఒక్కసారైనా రాకపోతే అది హాయి కాదు, చూపించుకోవాల్సిన సంగతి.

మాత్ర చేయనిది కూడా తెలుసుకోండి. అది పీసీఓఎస్‌ని నయం చేయదు. వేసుకున్నన్నాళ్లు నెలనెలా వచ్చేది మాత్ర ఆపిన రోజుల్లో వచ్చే రక్తస్రావం, మీ శరీరం తనంతట తాను తెచ్చుకున్న నెలసరి కాదు. ఆపేస్తే పాత లక్షణాలు తిరిగి రావచ్చు. షుగర్‌ని, మెడ మీద నలుపుని, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడాన్ని ఇది బాగుచేయదు. దానికి మెట్‌ఫార్మిన్, నడక, తిండి అనే వేరే దారి ఉంది.

ఎవరు వేసుకోకూడదన్న ప్రశ్న ఏది వేసుకోవాలన్న దానికంటే ముందు రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఒక పట్టికే పెట్టింది. బీపీ 160/100 లేదా ఆపైన ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర అసలు వద్దు. 140/90 దాటినా సాధారణంగా వద్దనే అంటారు. షాపులో ఆ అమ్మాయి అక్కడే ఆగిపోవాల్సి వచ్చింది. నాలాగా మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంటే వద్దు. ఇంతకుముందు కాలి నరంలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవాళ్లకి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, లివర్ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకి వద్దు. కాన్పయి ఆరు వారాలు నిండని బాలింత పాలిస్తుంటే వద్దు. ముప్పై ఐదు దాటి పొగతాగేవాళ్లకి వద్దు. ఇది మన ఊళ్లో ఎవరికి వర్తిస్తుందని నవ్వకండి, కోస్తాలో చుట్ట అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. చుట్ట గురించి డాక్టర్ అడగరు, మీరే చెప్పాలి.

వాడుతున్న మందులన్నీ కూడా చెప్పాలి. క్షయకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ ఈ మాత్ర బలాన్ని తగ్గించేస్తాయి. మామూలు జలుబు దగ్గులకిచ్చే యాంటీబయాటిక్స్‌తో ఆ భయం లేదు. అమ్మకో అక్కకో చిన్న వయసులోనే కాళ్లలో రక్తం గడ్డకట్టిందేమో ఇంట్లో అడిగి మరీ వెళ్లండి.

ఇప్పుడు మాత్రల్లో రకాలు. ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లుంటాయి. మొదటిది దాదాపు అన్నిటిలోనూ ఇథినైల్ ఈస్ట్రడియాల్. దాని మోతాదు 20, 30 లేదా 35 మైక్రోగ్రాములు ఉంటుంది. తేడా అంతా రెండో పేరులో ఉంటుంది. లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్నవి పాత రకం, ఎక్కువ కాలంగా తెలిసినవి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ఇదే, షాపుల్లో దొరికే ఓవ్రాల్-ఎల్ కూడా ఇదే. డెసోజెస్ట్రెల్ ఉన్నవి నోవెలాన్, ఫెమిలాన్. డ్రోస్పిరెనోన్ ఉన్నవి యాస్మిన్, యాజ్. సైప్రోటెరోన్ ఎసిటేట్ ఉన్నది డయాన్-35. చివరి రెండు రకాల్లోని ప్రొజెస్టిన్‌కి మగ హార్మోన్‌ని అడ్డుకునే గుణం ఉంది. అందుకే మొటిమలు, వెంట్రుకలు అనగానే వాటి పేర్లే వినిపిస్తాయి, ధర కూడా వాటికే ఎక్కువ.

కానీ 2023లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపించగా వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పీసీఓఎస్‌కి ఫలానా మాత్రే మిగతావాటి కన్నా మేలని చెప్పలేదు. పని జరిగేంత తక్కువ ఈస్ట్రోజెన్ మోతాదుతో మొదలుపెట్టమన్నాయి. 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్‌తో సైప్రోటెరోన్ కలిసినదాన్ని మొదట వాడే మందుగా కాక రెండో వరసలో ఉంచమన్నాయి. రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ కావడమే అందుకు కారణం. 2013లో ఫ్రాన్స్ డయాన్-35 అమ్మకం ఆపించింది. ఆ తర్వాత యూరప్ మందుల సంస్థ దాన్ని తిరిగి అనుమతిస్తూ, మొటిమలకి ఇతర మందులు పనిచేయనప్పుడే వాడాలని హద్దు పెట్టింది. మన దగ్గర మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లకి మొదటి చీటీలోనే అది రాసేసిన సందర్భాలు చూశాను. రాస్తే "ఇదే ఎందుకండీ? ముందు తేలికది వాడి చూడొచ్చా?" అని అడగండి. అడిగితే డాక్టర్లు చెబుతారు. కోప్పడేవాళ్లుంటే డాక్టర్‌ని మార్చండి, అది మీ హక్కు.

ముప్పు ఎంతో కూడా అంకెల్లో తెలిసి ఉండాలి. 2013లోనే యూరప్ మందుల సంస్థ లెక్కగట్టింది. ఏ మాత్రా వేసుకోని పదివేల మంది ఆడవాళ్లలో ఏడాదికి ఇద్దరికి రక్తం గడ్డకడుతుంది. లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్నవి వేసుకునేవాళ్లలో ఐదు నుంచి ఏడుగురికి, డ్రోస్పిరెనోన్, డెసోజెస్ట్రెల్ ఉన్నవి వేసుకునేవాళ్లలో తొమ్మిది నుంచి పన్నెండు మందికి. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన కొత్తలో ఉండే ముప్పు వీటన్నిటి కంటే ఎక్కువ. కాబట్టి బెంబేలు పడాల్సింది లేదు, తేలిగ్గా తీసుకోవాల్సిందీ కాదు. బరువు ఎక్కువున్నవాళ్లలో ఈ ముప్పు ఇంకాస్త పెరుగుతుంది. ఒక పక్క పిక్క వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే, ఎన్నడూ లేనంత తలనొప్పో, మాట తడబడటమో, చూపు మసకబారడమో జరిగితే మాత్ర ఆపి 108కి ఫోన్ చేయండి. వెళ్లినచోట "నేను హార్మోన్ మాత్ర వాడుతున్నాను" అనే మాట మొదట చెప్పండి. రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ వెళ్లేవాళ్లు మధ్యలో బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగు అడుగులు వేయాలి. ఆపరేషన్ చేయించుకోబోతుంటే ముందే డాక్టరుకి చెప్పాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నెలసరి క్రమం తప్పడమే మీ ప్రధాన బాధ అయితే, బీపీ, మైగ్రేన్ లాంటి అడ్డంకులేవీ లేకపోతే, డబ్బు లెక్కచూసుకోవాల్సిన జీతమైతే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికే మాత్రని చిన్నచూపు చూడకండి. మాలా-ఎన్ స్ట్రిప్పులో ఇరవై ఒక్క తెల్ల మాత్రలు, ఏడు గోధుమ రంగువి ఉంటాయి. ఆ ఏడు ఐరన్ మాత్రలు. ఎక్కువ రక్తం పోయి నీరసించే మనలాంటివాళ్లకి అవి అదనపు మేలు. ఉచితంగా ఇచ్చేది నాసిరకం అనే భ్రమ మన ఊళ్లో చాలా బలంగా ఉంది. మొటిమలో, మొహం మీద వెంట్రుకలో మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తుంటే, కౌంటర్లో నిలబడి జనంతో మాట్లాడే ఉద్యోగమైతే, డ్రోస్పిరెనోన్ రకం గురించి డాక్టర్‌తో మాట్లాడటంలో అర్థముంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకి, పొటాషియం పెంచే కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకి అది నప్పదు. ఏ మాత్రైనా మొటిమల మీద పని చూపించడానికి మూడు నెలలు, వెంట్రుకల మీద ఆరు నెలలు పైనే పడుతుంది. అప్పటికే మొలిచినవి ఊడిపోవు, కొత్తవి సన్నబడతాయి. థ్రెడ్డింగో లేజరో దాని పని అది చేయాలి. రెండు నెలలకే "పనిచేయలేదు" అని ఇంకో మాత్రకి మారిపోవడం డబ్బు దండగ.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆశా కార్యకర్త సంచిలో మాలా-ఎన్ పక్కనే ఛాయా అనే మాత్ర కూడా ఉంటుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మందు అది. హార్మోన్ లేదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి చాలు. వినడానికి ఎంత సుఖంగా ఉందో! పనికెళ్లే మనిషికి రోజూ గుర్తుపెట్టుకునే బాధ లేదు. కానీ అండాశయాల్లో ఈ సమస్య ఉన్నవాళ్లకి అది ఇవ్వకూడదని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. నెలసరిని ఆలస్యం చేసే గుణం దానికుంది. ఆశాకి మీ పీసీఓఎస్ సంగతి చెప్పండి, లేకపోతే ఆమెకి తెలిసే దారి లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు ఎలా కుదురుతుంది? కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)‌లో గైనిక్ ఓపీ ఉంది. 1958లో మొదలైన రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి అది, రెండు గోదావరి జిల్లాల నుంచీ జనం వస్తారు. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి, సగం రోజు పోతుందని లెక్కేసుకోండి. నెల జీతం 21,000 దాటని సంస్థ ఉద్యోగులైతే మీ జీతంలోంచి ఈఎస్ఐ కట్ అవుతుందేమో పే స్లిప్పులో చూసుకోండి. కట్ అవుతుంటే ఆ వైద్యం మీ డబ్బుతో మీరు కొనుక్కున్నదే, వాడుకోండి. పరీక్షల్లో ఒకటి మాత్రం ముందే ప్లాన్ చేసుకోవాలి. పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత మళ్లీ తీస్తారు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో షుగర్ తేడా పట్టుకోవడానికి ఇది సరైన పరీక్ష. దీన్ని డ్యూటీకి ముందు గబగబా కానివ్వలేరు, వారపు సెలవు రోజున పెట్టుకోండి. హార్మోన్ పరీక్షలు మాత్ర మొదలుపెట్టకముందే చేయించాలి. మొదలుపెట్టాక టెస్టోస్టెరాన్ చూస్తే అసలు సంగతి తెలియదు, మాత్ర ప్రభావం కనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద గత ఆరు నెలల తేదీలు రాసుకెళ్లండి. మన పంచాంగం క్యాలెండర్లో పాలవాడి లెక్కల పక్కన ఒక చుక్క పెట్టుకుంటే సరిపోతుంది. నాది అలాగే ఉండేది, ఎర్ర చుక్కలు ఫిబ్రవరిలో ఒకటి, మే నెలలో రెండు, మళ్లీ సెప్టెంబర్లో. డాక్టరమ్మ ఆ క్యాలెండర్ పేజీలు చూసి, మాటలు అక్కర్లేకుండానే సగం విషయం గ్రహించింది.

మొదలుపెట్టాక పని రోజులో దానికో చోటు కావాలి. ఒకే వేళకి వేసుకోవాలి. కొత్తలో వికారం ఉంటుంది కాబట్టి రాత్రి భోజనం తర్వాత మంచిది. షిఫ్టులు మారే నర్సులకి, రొయ్యల ప్లాంట్లలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి "పడుకునే ముందు" అనేది రోజుకో వేళ. అలాంటివాళ్లు గడియారాన్ని నమ్ముకోవాలి, నిద్రని కాదు. సాయంత్రం ఏడు అనుకుంటే ఏ షిఫ్టయినా ఏడే. ఫోన్ అలారానికి పేరు పెట్టకండి, పక్కవాళ్లు చదువుతారు. స్ట్రిప్పుని లాకర్లో పెట్టేస్తే సెలవు రోజున దొరకదు. టిఫిన్ బాక్స్ సంచిలో చిన్న జిప్ పర్సు పెట్టుకోండి. ఇరవై ఒక్క మాత్రల స్ట్రిప్పులో ఏడు రోజులు ఆపి మళ్లీ లెక్కపెట్టి మొదలుపెట్టాలి, ఇరవై ఎనిమిదివైతే ఆ లెక్క అక్కర్లేదు. మరిచిపోయే స్వభావమైతే రెండోది అడగండి.

ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని, ఆ రోజుది దాని వేళకి వేసుకోండి. రెండు లేదా ఎక్కువ పోతే గుర్తొచ్చినప్పుడు ఒకటి వేసుకుని కొనసాగించండి, గర్భం వద్దనుకునేవాళ్లు ఆపై ఏడు రోజులు కండోమ్ వాడాలి. పీసీఓఎస్ ఉంటే గర్భం రాదనే ధీమా వద్దు. ఆలస్యం కావచ్చు గానీ రాదని కాదు. మొదటి మూడు నెలలు మధ్యలో చుక్కలు చుక్కలుగా కనిపించడం మామూలే. మనసు మరీ దిగులుగా, ఏడుపొచ్చేలా అయిపోతే అది మీ బలహీనత అనుకుని ఊరుకోకండి, డాక్టరుకి చెప్పండి. ఆడిటింగ్ రోజుల్లోనో, పరీక్షల డ్యూటీలోనో రక్తస్రావం వద్దనుకుంటే చాలా రకాల మాత్రల్లో ఆ ఏడు రోజుల విరామం లేకుండా తర్వాతి స్ట్రిప్పు మొదలుపెట్టొచ్చు. మీ మాత్రకి అది కుదురుతుందో లేదో ముందే అడిగి ఉంచుకోండి.

ఆఫీసులో ఎంత చెప్పాలి? సెలవు కాగితంలో "వైద్య పరీక్షల కోసం" అని రాస్తే చాలు, జబ్బు పేరు రాయనక్కర్లేదు. ఒక్క మనిషికి, వీలైతే ఒక ఆడ సూపర్వైజరుకి, నోటి మాటగా చెప్పి ఉంచితే ఎక్కువ రక్తం పోయే రోజున కూర్చునే పని అడగడం తేలికవుతుంది. షాపుల్లో రోజంతా నిలబడే ఉద్యోగులకి కూర్చునే చోటు ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. మన షాపుల్లోనూ స్టూళ్లు కనిపించాలి, అడగడం మొదలుపెడదాం.

ఇంట్లో చెప్పడం ఇంకా కష్టం. పెళ్లి కాని పిల్ల సంచిలో ఈ స్ట్రిప్పు కనిపిస్తే అమ్మ గుండె ఆగినంత పనవుతుంది. ముందే అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆ మాట డాక్టర్ నోట వినిపించండి. "ఇవి వేసుకుంటే తర్వాత పిల్లలు పుట్టరు" అనే భయం నిజం కాదు. మాత్ర ఆపిన కొద్ది నెలల్లోనే అండం విడుదల మాత్రకి ముందు ఎలా ఉండేదో అలా తిరిగి వస్తుంది. అప్పుడు గర్భం కోసం సాయం కావాలంటే లెట్రోజోల్ లాంటి మందులున్నాయి. సంబంధాలు చూస్తున్నప్పుడు ఏం చెప్పాలనేది మీ ఇష్టం. నేనైతే చెప్పాను.

మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా నడక మానడానికి లేదు. మళ్లీ అనంతపురం పిల్లల దగ్గరికే వస్తాను. ఆ కాలేజీలోనే 90 మంది పీసీఓఎస్ ఉన్న ఆడపిల్లల్ని రెండు జట్లు చేసి, పన్నెండు వారాలు రోజుకో గంట ఒక జట్టుకి యోగా, ఇంకో జట్టుకి మామూలు వ్యాయామం చేయించారు. యోగా జట్టులో టెస్టోస్టెరాన్, అవాంఛిత రోమాలు ఎక్కువ తగ్గాయి. బరువులో మాత్రం రెండు జట్లకీ తేడా రాలేదు. ఈ సంగతి నాకు చాలా ఊరటనిచ్చింది, ఎందుకంటే త్రాసు ముల్లు కదలకపోతే చేసిందంతా వృథా అని నేను ఏళ్లపాటు ఏడ్చాను.

ఆ రాత్రి షాపులో కలిసిన అమ్మాయి వారం తర్వాత ఆసుపత్రికి వెళ్లింది. నాకు ఫోన్ చేసి చెప్పింది. బీపీ మళ్లీ మళ్లీ చూసి ఎక్కువే ఉందని తేల్చారు, షుగర్ కూడా హద్దు మీద ఉంది. ఈస్ట్రోజెన్ మాత్ర ఇవ్వలేదు. నెలసరి తెప్పించడానికి మధ్యమధ్య పది రోజులు వేసుకునే ప్రొజెస్టరాన్ రకం బిళ్ళలు, మెట్‌ఫార్మిన్, మొటిమలకి పైపూత, బీపీకి మందు రాశారు. మూడు నెలలకి రమ్మన్నారు. "మా ఫ్రెండ్‌వి నాకు పడవంటండి" అంది. ఆ ఫ్రెండ్ కూడా బీపీ చూపించుకుందా అని అడిగాను. ఇంకా లేదంది. వచ్చే మంగళవారం ఇద్దరికీ వీక్లీ ఆఫ్ ఉందట, కలిసి వెళ్తామంది.